బ్యాంకు చూసిందిగా, మళ్లీ సర్వే ఎందుకు?

ఇంగ్లండ్‌లోని రెడింగ్ నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి కుదించి చెబుతున్నాను.

ఆమె నర్సు, భర్త ఐటీ ఉద్యోగి. ఎనిమిదేళ్లుగా అద్దె ఇళ్లలోనే ఉంటున్నారు. పెద్ద పాప త్వరలో సెకండరీ స్కూలుకు వెళ్లాలి కాబట్టి మంచి స్కూలు పరిధిలో ఇల్లు వెతికారు. నచ్చిన ఇళ్లు రెండు చేతిదాకా వచ్చి జారిపోయాయి, ఎవరో ఎక్కువ పెట్టి తన్నుకుపోయారు. ఇప్పుడు 1900 ప్రాంతంలో కట్టిన ఒక టెర్రస్ ఇంటికి (పక్కిళ్లతో గోడలు కలిపి వరుసగా కట్టిన ఇల్లు) వీళ్లు పెట్టిన 3 లక్షల 85 వేల పౌండ్ల ఆఫర్‌ను అమ్మేవాళ్లు ఒప్పుకున్నారు. పది శాతం డిపాజిట్. వెనకవైపు కిచెన్ పొడిగించి కట్టారు. పైకప్పు కింది ఖాళీని, అంటే లాఫ్ట్‌ను, గదిగా మార్చి, ప్రకటనలో దాన్ని మూడో బెడ్‌రూమ్ అని వేశారు.

రెండోసారి చూడటానికి వెళ్లినప్పుడు వెనక గదిలో కొత్త పెయింటు వాసన, ఆ వాసన మాటున ఆరని బట్టల వాసన లాంటిది ఏదో వచ్చిందట. సోఫా వెనకాల గాలిలో తేమను పీల్చే డీహ్యూమిడిఫయర్ ఒకటి ఆన్‌లో ఉంది. ఈమె అటు చూస్తుంటే అమ్మేవాళ్ల ఏజెంటు వచ్చి దానికి అడ్డంగా నిలబడ్డాడట. కొనేముందు ఇంటి స్థితిని నిపుణుడితో తనిఖీ చేయించడాన్ని అక్కడ సర్వే అంటారు, అందులో మూడు లెవెల్స్ ఉంటాయి. ఇంట్లో గొడవ దాని గురించే.

“సర్వే అంటేనే మా ఆయన చిరాకు పడుతున్నారు. ‘బ్యాంకు వాడు వాల్యుయేషన్ చేయించి లోను ఓకే చేశాడు. ఇంట్లో ఏమీ లేకపోతేనే కదా వాడి డబ్బు ఇస్తాడు, మళ్లీ మనం వెయ్యి పౌండ్లు తగలేయడం దేనికి’ అంటారు. మిల్టన్ కీన్స్‌లో ఉండే ఆయన ఫ్రెండు, మేం అసలు సర్వేనే చేయించలేదు అన్నాడు. ఏజెంటేమో లెవెల్ 2 చాలు, మా మనిషే ఉన్నాడు, గురువారం పంపిస్తానంటున్నాడు. గుంటూరులో ఉన్న మామయ్య గారు వీడియో కాల్‌లో ఇంటిని వాళ్ల మేస్త్రీకి చూపించారు. గోడలు బ్రహ్మాండంగా ఉన్నాయి, ఈశాన్యం కూడా బాగుంది అన్నాడట. డిపాజిట్‌లో సగం మా నాన్నగారు నా పేరున కొన్న స్థలం అమ్మితే వచ్చిన డబ్బు. ఆ మాట ఎత్తితే ఇంట్లో గొడవ. హైదరాబాద్‌లో ఆయన పేరున ఒక ఫ్లాట్ ఉంది, అది అమ్మడానికి ఆయన ఒప్పుకోరు. లెవెల్ 2 చాలా, లెవెల్ 3 కావాలా, అసలు వద్దా? ఆయనకు ఎలా చెప్పాలి? టెన్షన్‌తో నైట్ డ్యూటీలో కూడా ఇదే ఆలోచన.”

సమాధానం:

ముందు బ్యాంకు సంగతి తేల్చేద్దాం. మీ ఇంట్లో వాదనంతా దాని చుట్టూనే తిరుగుతోంది.

బ్యాంకు వాల్యుయేషన్ చేయించేది ఒక్క ప్రశ్న కోసం: వీళ్లు రేపు వాయిదాలు కట్టకపోతే ఇల్లు అమ్మి మన అప్పు రాబట్టుకోగలమా? అంతే. గోడలో నిమ్ము ఉందా, నేల కింద దూలాలు పుచ్చాయా అన్నది వాళ్లకు ఆ మేరకే కావాలి. మీ లెక్కే తీసుకుందాం. ధరలో మీరు పెట్టేది 38,500, మిగతాది బ్యాంకుది. పాతిక వేల పౌండ్ల మరమ్మతు బయటపడి ఇంటి విలువ ఆ మేరకు తగ్గిందనుకోండి, ఆ నష్టం ముందు తినేది మీ 38,500నే. బ్యాంకు అప్పుకు ఇంకా ఢోకా లేదు. బావిలోకి దిగేది మీరు, తాడు పట్టుకుని గట్టున నిలబడేది బ్యాంకు. ‘వాడి డబ్బు వాడు ఊరికే ఇస్తాడా’ అన్న మీవారి మాటలో తప్పు లేదు. కాకపోతే బ్యాంకు జాగ్రత్త పడింది తన డబ్బు గురించి, మీ డబ్బు గురించి కాదు.

ఇంకో మాట. ‘బ్యాంకు వాడు చూశాడు’ అంటున్నారు కదా, నిజంగా మనిషి వచ్చి చూశాడో లేదో లెండర్‌ని గానీ మీ మార్ట్‌గేజ్ బ్రోకర్‌ని గానీ అడగండి. చాలా లోన్లకు ఇప్పుడు ఎవరూ గడప తొక్కరు, చుట్టుపక్కల అమ్మకాల వివరాలు పెట్టుకుని కంప్యూటర్ మీదే విలువ కడతారు. ఆ జవాబు వస్తే మీ ఇంట్లో సగం వాదన దానంతటదే తగ్గుతుంది.

ఇంగ్లండ్‌లో ఇల్లు ఎలా ఉందో కనుక్కునే భారం కొనేవాళ్లదే. స్కాట్లండ్‌లో అయితే 2008 డిసెంబరు నుంచి అమ్మేవాళ్లే సర్వేయర్‌తో హోమ్ రిపోర్ట్ చేయించి, ఇల్లు మార్కెట్లో పెట్టేటప్పుడు దాన్ని చూపించాలి. రెడింగ్‌లో ఆ సౌకర్యం లేదు. అడిగినదానికి అమ్మేవాళ్లు అబద్ధం చెప్పకూడదు, నిజమే. కానీ ఏం అడగాలో మీకు తెలియాలి కదా.

ఇక లెవెల్స్. రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ చార్టర్డ్ సర్వేయర్స్, అందరూ రిక్స్ అంటారు, ఆ సంస్థ సర్వేలను మూడు మెట్లుగా విడదీసింది. లెవెల్ 1 మీకు పనికిరాదు, మంచి స్థితిలో ఉన్న ఈ మధ్యకాలపు ఇళ్లకు అది. మిల్టన్ కీన్స్ మిత్రుడు కొన్నది కొత్త బిల్డర్ ఇల్లయితే ఆయన సంగతే వేరు. అలాంటివాటికి స్నాగింగ్ అని చిన్నాచితకా లోపాలు పట్టే తనిఖీ ఉంటుంది, పైన పదేళ్ల వారంటీ ఉంటుంది. నూట పాతికేళ్ల ఇంటికి ఆ పోలిక తేవద్దు.

లెవెల్ 2, లెవెల్ 3 రెండూ కంటితో చూసి చేసేవే. ఎవరూ గోడ తవ్వరు, నేల పగలగొట్టరు. తేడా ఎక్కడంటే, లెవెల్ 2 సర్వేయర్ వెనక గోడకు తేమ మీటరు ఆనించి చూసి, ‘ఇక్కడ తేమ ఎక్కువగా ఉంది, నిపుణులతో చూపించండి’ అని రాసి ముందుకు పోతాడు. లెవెల్ 3లో ఎక్కువసేపు వెతుకుతాడు. వీలైన చోట కార్పెట్ అంచు లేపి చూస్తాడు, లాఫ్ట్‌లో ఇన్సులేషన్ పక్కకు జరిపి చూస్తాడు. ఇల్లు ఎలా కట్టారో, ఆ తేమ ఎందుకు వచ్చి ఉండొచ్చో, వదిలేస్తే ఏమవుతుందో, బాగుచేయడానికి ఏ దారులున్నాయో, ఏది ముందు చేయాలో రాస్తాడు.

మీ ఇంటికి ఆ ‘ఎందుకు’ అన్నదే ముఖ్యం. వెనక గదిలో మీరు పట్టిన వాసనకు కారణం పైకప్పు అంచున వాన నీళ్లు పోయే గట్టర్ కారడం కావచ్చు, నిచ్చెన వేసి ఒక పూటలో సరిచేయొచ్చు. శీతాకాలం కిటికీలు మూసి, ఇంట్లో బట్టలు ఆరేసుకోవడం కావచ్చు, దానికి మరమ్మతే అక్కర్లేదు. పెరట్లో రాళ్లు పరిచి నేల ఎత్తు పెంచడం వల్ల గోడ అడుగు ఎప్పుడూ తడిగా ఉండిపోవడం కావచ్చు. లేదా నేల కింద చెక్క దూలాల కొసలు కుళ్లడం మొదలై ఉండొచ్చు, అదయితే వేలల్లో ఖర్చు. డీహ్యూమిడిఫయర్ మాత్రం ఈ నాలుగింటికీ ఒకేలా తిరుగుతుంది. అమ్మేవాళ్లు మోసగాళ్లని అది చూసి అనేసుకోకండి, ఇక్కడ అవి చాలా ఇళ్లలో ఉంటాయి. ఏజెంటు అడ్డం నిలబడటమే నాకూ నచ్చలేదు.

మామయ్య గారి మేస్త్రీని తక్కువ చేయను. పిల్లర్లు, బీములు, స్లాబు చూసి ఆయన ఒక మాట చెబితే వినాల్సిందే. కానీ ఈ ఇల్లు ఆ పద్ధతిలో కట్టింది కాదు. ఆ కాలపు టెర్రస్ ఇళ్లకు ఎక్కువగా తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, మధ్యలో ఖాళీ ఉండదు, సున్నంతో కట్టినది. వాన తడిని కొంత పీల్చుకుని, ఎండ కాసినప్పుడు వదిలేస్తుంది. దాని మీద తర్వాతి తరాలవాళ్లు సిమెంటు ప్లాస్టరు చేసి, గాలి ఆడని పెయింటు వేస్తే ఆ తడి లోపలే ఉండిపోతుంది. నడిచే నేల చాలాచోట్ల దూలాల మీద పరిచిన చెక్క పలకలు, కింద అడుగో రెండడుగులో ఖాళీ. ఆ ఖాళీలోకి గాలి పోవడానికి గోడ అడుగున కన్నాల ఇటుకలు పెడతారు, ఎయిర్ బ్రిక్స్ అంటారు. అవి మూసుకుపోతే కింద చెక్క చెమ్మగిల్లుతుంది. ఫోన్ కెమెరాలో ఇవేవీ కనిపించవు, గుంటూరు నుంచే కాదు, రెడింగ్ నుంచి చూసినా.

సర్వే ఏదైనా సరే, ఈలోపు మరోసారి చూస్తామని ఏజెంటుకు చెప్పి వెళ్లండి, వీలైతే గట్టిగా వాన పడిన మర్నాడు. పెరట్లోకి వెళ్లి వెనక గోడ అడుగున వంగి చూడండి. ఆ కన్నాల ఇటుకలు కనిపిస్తున్నాయా, లేక పరిచిన రాళ్ల కింద, కొత్త కిచెన్ కింద సమాధి అయ్యాయా? లోపలికొచ్చి గోడ పక్కన మడమతో నేలను గట్టిగా ఒకసారి తొక్కండి, ఊగుతోందా? వీధిలోకి వెళ్లి ఎదురుగా నిలబడి పైకప్పు చూడండి. పక్కింటికి నల్లటి పలకరాయి ఉండి మీదానికి మందపాటి కాంక్రీటు పెంకులు ఉంటే, కప్పు బరువు పెరిగిందని అర్థం. కింద వాసాలకు బలం చేర్చారా లేదా అన్నది సర్వేయర్ చూడాలి. ఇవన్నీ రాసుకుని ఆయనకు ముందే ఇవ్వండి. డీహ్యూమిడిఫయర్ సంగతి కూడా. సర్వేయర్ దగ్గర మొహమాటం వద్దు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చెబుతాను.

అసలు సర్వే లేకుండా కొనొచ్చు, చట్టం అడ్డుపడదు. అలా కొని ఏ ఇబ్బందీ పడనివాళ్లు మనవాళ్లలో చాలామంది ఉన్నారు. కానీ తాళాలు చేతికొచ్చాక బయటపడినదంతా మీదే, ధర తగ్గించమని అడిగే అవకాశం కూడా పోతుంది. మూలనున్న డబ్బంతా డిపాజిట్‌కు, ఫీజులకు ఊడ్చి పెట్టినవాళ్లు ఈ సాహసం చేయకపోతే మంచిది.

లెవెల్ 2 చేయించొచ్చు. వాల్యుయేషన్‌తో కలిపి గానీ లేకుండా గానీ తీసుకోవచ్చు. మీరిచ్చే ధర సబబేనా అన్న అనుమానం ఉంటే కలిపి తీసుకోవడం లాభం, లెవెల్ 3లో అది మామూలుగా రాదు, విడిగా అడగాలి. లెవెల్ 2తో వచ్చే చిక్కల్లా, మీ ఇంటి విషయంలో ఆ రిపోర్టు ‘ఇంకా లోతుగా చూపించండి’ అన్న మాటతో ఆగే అవకాశం ఎక్కువ. అప్పుడు తేమకు ఒకరిని, నిర్మాణానికి ఒకరిని వెతుక్కోవాలి, వారాలు గడుస్తాయి.

లెవెల్ 3 చేయించొచ్చు. పాత ఇల్లు, పొడిగించి కట్టినది, లాఫ్ట్ మార్చినది, పైగా మీకే అనుమానం ఉన్నది. ఇవన్నీ ఒక్కచోట కలిశాయి కాబట్టి నా మొగ్గు ఇటే. ఊరిని బట్టి, మనిషిని బట్టి ఫీజు మారుతుంది గానీ లెవెల్ 2కీ దీనికీ తేడా సాధారణంగా కొన్ని వందల పౌండ్లే. మీవారు అంటున్న వెయ్యి పౌండ్లను పూర్తి ఖర్చుగా కాకుండా, ఆ తేడా వరకే తూకం వేయండి.

ఏ లెవెలైనా కరెంటు వైరింగు, గ్యాసు, డ్రైనేజీ పైపులు పరీక్షించరని గుర్తుంచుకోండి. వాటికి విడిగా మనుషులు ఉంటారు. అన్నీ ఒకేసారి చేయించనక్కర్లేదు. రిపోర్టు వచ్చాక సర్వేయర్ ఏది అవసరమంటే అది. పాత ఇళ్లలో మట్టి పైపులు పగిలి గోడ పక్కన నేల మెత్తబడటం ఉంటుంది కాబట్టి డ్రైన్లలోకి కెమెరా పంపించే పరీక్ష మాత్రం తరచూ అవసరపడుతుంది. తేమకు ‘ఉచిత సర్వే’ అంటూ వచ్చే కంపెనీలతో జాగ్రత్త. వాళ్లు అమ్మేది గోడలోకి ఇంజెక్ట్ చేసే రసాయనం, అందుకని చాలాసార్లు వాళ్లకు కనిపించే జబ్బు కూడా ఆ మందుకు తగ్గదే అవుతుంది. ఫీజు తీసుకుని, మరమ్మతు పనితో సంబంధం లేకుండా రాసిచ్చేవాళ్లను చూసుకోండి.

గురువారం మనిషి గురించి. ఏజెంటు పంపే సర్వేయర్ చెడ్డవాడని అనను. కానీ ఏజెంటుకు కమిషన్ అందేది ఈ అమ్మకం పూర్తయితేనే. ‘ఆయన్ని పంపినందుకు మీకు ఏమైనా ముడుతుందా’ అని నేరుగా అడగండి, చెప్పాల్సిన బాధ్యత ఏజెంటుకు ఉంది. రిక్స్ వెబ్‌సైట్‌లోనే మీ ప్రాంతపు సర్వేయర్ల వివరాలు దొరుకుతాయి. ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేసి, ఈ కాలపు ఇళ్లు తరచూ చూస్తారా, నమూనా రిపోర్టు పంపుతారా, చూసి వచ్చాక ఫోన్‌లో వివరంగా మాట్లాడతారా అని అడగండి. ఆ చివరిదానికి నసిగేవాళ్లను వదిలేయండి. సర్వేయర్ ఒప్పందంలో మీ ఇద్దరి పేర్లూ ఉండాలి. తప్పు జరిగితే ఆయన జవాబుదారీ ఒప్పందంలో ఉన్నవాళ్లకే.

లాఫ్ట్ గది విషయం సర్వేయర్ ఒక్కడితో తేలదు. బిల్డింగ్ రెగ్యులేషన్స్ ప్రకారం కట్టినట్టు కౌన్సిల్ ఇచ్చే కంప్లీషన్ సర్టిఫికెట్ ఉందా అని మీ సొలిసిటర్, అంటే కొనుగోలు పత్రాలు చూసే లాయరు, అడగాలి. అది లేకపోతే మీరు మూడు బెడ్‌రూముల ధర ఇచ్చి రెండు బెడ్‌రూముల ఇల్లు కొంటున్నట్టే లెక్క. ‘ఇండెమ్నిటీ పాలసీ తీసుకుంటే సరిపోతుంది’ అంటారు. అదొక బీమా, కౌన్సిల్ చర్య తీసుకుంటే కలిగే నష్టానికే, మెట్ల దగ్గర మంటలు లేస్తే పిల్లలు ఎటు దిగాలన్నదానికి కాదు. ఇంకొకటి, తొందరపడి మీరే కౌన్సిల్‌కు ఫోన్ చేసి ఆరా తీయకండి. అలా చేస్తే ఆ పాలసీ దొరక్కుండా పోవచ్చు. సొలిసిటర్ ద్వారానే నడపండి.

సర్వేతో సంబంధం లేకపోయినా ఒకటి చెప్పకుండా ఉండలేను. హైదరాబాద్ ఫ్లాట్ సంగతి మీ సొలిసిటర్‌కు చెప్పారా? స్టాంప్ డ్యూటీ లెక్కలో ప్రపంచంలో ఎక్కడ ఇల్లున్నా ఉన్నట్టే, ఇద్దరిలో ఒకరికి ఉన్నా అంతే. మొదటి ఇంటి రాయితీ పోతుంది. ఆ ఫ్లాట్‌లో ఆయన వాటా విలువ 40 వేల పౌండ్లకు చేరితే, 2024 అక్టోబరు 31 నుంచి అదనపు సుంకం 5 శాతం. మీ ధర మీద అదొక్కటే 19,250 పౌండ్లు. ఇది వెయ్యి పౌండ్ల చర్చ కంటే పెద్దది, ఈ వారమే అడగండి.

మీవారి గురించి. మీ ఉత్తరం రెండుసార్లు చదివితే నాకు అనిపించింది, ఆయన లెక్క చూస్తున్నది వెయ్యి పౌండ్లకు కాదు. రెండు ఇళ్లు పోయాయి. సర్వే చేయిస్తే ఏదో ఒకటి బయటపడి ఇది కూడా పోతుందేమోనని భయం. ఆ భయాన్ని ‘మా నాన్న డబ్బు’ అన్న మాటతో ఎదుర్కొంటే గొడవ ఇంటి మీద నుంచి పుట్టింటి మీదకు మళ్లుతుంది. ఆ మాట నిజమే, మీకు హక్కు ఉన్న మాటే. అయినా ఈ చర్చలో దాన్ని పక్కన పెట్టి చూడండి. సర్వేయర్‌ను ఎంచుకునే పని ఆయనకే ఇవ్వండి, ఫోన్‌లు ఆయనే చేయనివ్వండి. రిపోర్టు రాకముందే ఇద్దరూ కూర్చుని ఒక అంకె అనుకోండి. ఇంతవరకు మరమ్మతయితే మనమే పెట్టుకుందాం, దాటితే ధర తగ్గించమని అడుగుదాం, పునాది కుంగుతోందంటే మాత్రం ఇంజనీరు చూసేదాకా ఆగుదాం. ముందే అనుకుంటే రిపోర్టు వచ్చిన రాత్రి కొత్త గొడవ ఉండదు. ఇదంతా చెప్పినా ఒప్పుకోకపోతే, మీ సంపాదనతో మీరే చేయిస్తానని చెప్పొచ్చు. మాట పట్టింపు వస్తుంది, కాదనను. ఏది భరించగలరో మీకే తెలుసు.

రిపోర్టు వచ్చాక హడలిపోకండి. అందులో ప్రతి భాగానికీ 1, 2, 3 అని గుర్తులు ఉంటాయి, 3 అంటే ఎర్ర రంగు. పాత ఇంటికి ఎర్రగుర్తులు లేకపోతేనే అనుమానించాలి. వైరింగు పరీక్షించిన కాగితం కనబడలేదని కూడా 3 వేస్తారు. చూడలేకపోయిన చోట్లు ఏవో మాత్రం శ్రద్ధగా చదవండి. సర్వేయర్‌కు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి ఇద్దరూ వినండి. ‘మీరే కొంటుంటే ముందు ఏం చేయిస్తారు, తర్వాతకు ఏం వదిలేస్తారు’ అని అడగండి. కాగితం మీద రాయనిది చాలాసార్లు నోటితో చెబుతారు.

పెద్ద ఖర్చే తేలితే, కొటేషన్లు చేతిలో పెట్టుకుని ధర తగ్గించమని అడగొచ్చు. అమ్మేవాళ్లు కాదని వేరేవాళ్లకు ఇచ్చేయొచ్చు కూడా, ఎక్స్ఛేంజ్, అంటే ఇరువైపులా ఒప్పంద పత్రాలు మార్చుకోవడం, అయ్యేదాకా ఇక్కడ ఎవరూ ఎవరికీ కట్టుబడి లేరు. తగ్గిస్తే ఆ సంగతి లెండర్‌కు తెలియాలి, లోను మొత్తం మారవచ్చు. వాళ్లనే బాగుచేసి ఇవ్వమనడం నాకు అంతగా నచ్చదు. వెళ్లిపోయేవాళ్లు చేయించే పని ఎలా ఉంటుందో ఊహించుకోండి. పూర్తిగా తప్పుకుంటే సర్వే ఫీజు, సొలిసిటర్ అప్పటిదాకా చేసిన పనికి అయ్యే ఖర్చు పోతాయి. అది తగ్గాలంటే, కౌన్సిల్, డ్రైనేజీ సెర్చులకు (ఆ రికార్డుల తనిఖీలకు) డబ్బు కట్టడం రిపోర్టు వచ్చేదాకా ఆపమని సొలిసిటర్‌కు ఇప్పుడే మెయిల్ పెట్టండి. రెండు మూడు వారాలు ఆలస్యం కావచ్చు, ఆ మాట ఏజెంటుకు ముందే చెప్పి ఉంచండి.